ముట్టుకోకుండానే తట్టి చూస్తారు!

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. పరమాణువు పాఠం వచ్చిన ప్రతిసారీ నల్లబల్ల మీద ఒకటే బొమ్మ. మధ్యలో సుద్దముక్కతో గుండ్రటి చుక్క, చుట్టూ ఎలక్ట్రాన్లు తిరిగే దారులు. ఒక ఏడాది వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, ‘‘కేంద్రకం గుండ్రంగానే ఉంటుందని ఎవరు చూశారు సార్?’’ అని అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేసి ‘‘పరీక్షలో రాదులే, కూర్చో’’ అన్నాను.

నిజానికి అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. అన్ని కేంద్రకాలూ గుండ్రంగా ఉండవని నేను ఎమ్మెస్సీలో చదివాను. విశాఖలో మా అణుభౌతికశాస్త్ర విభాగాన్ని ప్రారంభించిన స్వామి జ్ఞానానంద గురించి అప్పట్లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. పశ్చిమగోదావరి పల్లెలో పుట్టి, సన్యాసం తీసుకుని, ఆ తర్వాత ఐరోపా వెళ్లి ఫిజిక్స్ చదువుకుని వచ్చిన మనిషాయన. అలాంటి చోట చదివి కూడా ఆ కుర్రాడికి జవాబు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. కేంద్రకం ఆకారం గురించిన సూత్రాలు నాకు వచ్చు. దాన్ని ఎలా కనిపెట్టారంటే మాత్రం రెండు మాటలు చెప్పలేను.

ఆ బాకీ రిటైరయ్యాక, జెనీవాలో తీరింది.

ట్రామెక్కితే చాలు

మా అమ్మాయి ఉద్యోగరీత్యా జెనీవాలో ఉంటోంది. శీతాకాలంలో నేనూ మా ఆవిడా వెళ్లాం. సరస్సు, అందులోంచి ఆకాశంలోకి చిమ్మే నీటిధార, పాత ఊళ్లో రాళ్లు పరిచిన సందులు... మొదటి మూడు రోజులూ అందరూ చూసేవే చూశాం. ‘బీజ్’ అని అక్కడో ఈశాన్యపు గాలి వీస్తుంది. శాలువా, స్వెట్టరు, కోటు... మూడూ వేసుకున్నా ఎముకల్లోకి దూరిపోతుంది. నాలుగో రోజు పొద్దున ఎండ కాసింది. ‘‘నాన్నా, ఇవాళ మీ ఊరికి తీసుకెళ్తా’’ అంది అమ్మాయి. మా ఊరంటే సెర్న్ అన్నమాట.

కోర్నవాన్ రైల్వేస్టేషన్ ముందు 18వ నంబరు ట్రామ్ ఎక్కితే చివరి స్టాపు సెర్నే. అరగంట కూడా పట్టదు. దిగగానే ఒకపక్క గోళాకారంలో పెద్ద చెక్క భవనం. ఎత్తు 27 మీటర్లు. రోడ్డుకు అటూ ఇటూ గొట్టాల్లాంటి కొత్త కట్టడాలు. 2023 అక్టోబరులో తెరిచిన సందర్శకుల కేంద్రం అది. వెనక మంచు కప్పుకున్న జురా కొండలు. రెండో వైపు, ఆకాశం తేటగా ఉంటే, దూరంగా మోంబ్లాంక్ శిఖరం. దేశాల సరిహద్దు ఈ ప్రాంగణం మధ్య నుంచే పోతుంది. కొన్ని అడుగులు స్విట్జర్లాండ్‌లో, కొన్ని ఫ్రాన్స్‌లో.

1954లో ఏర్పడిన సెర్న్ అనగానే అందరికీ గుర్తొచ్చేది భూమి కింద 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఉన్న సొరంగం, 2012లో దొరికిన హిగ్స్ బోసాన్. ఇప్పుడు మనం రోజూ వాడే వెబ్ పుట్టింది కూడా ఇక్కడే, 1989లో. లోపల రెండు భవనాల మధ్య మన నటరాజస్వామి ఉన్నాడు! రెండు మీటర్ల ఎత్తు విగ్రహం. 2004లో భారత ప్రభుత్వం బహూకరించింది. మా ఆవిడ చెప్పులు విప్పబోతే, ఆ చలికి భయపడి అమ్మాయి ఆపింది. అంత దూరంలో స్వామిని చూసేసరికి మా ఇద్దరికీ కళ్లు చెమర్చాయి.

అయితే నన్ను ఆకట్టుకున్నది ఆ పెద్ద సొరంగం కాదు. దాని పేరు చాటున కనబడకుండా పోయే ఒక షెడ్డు.

పాత ఫ్యాక్టరీలా ఉంది

దాని పేరు ఐసోల్డె. సెర్న్‌లో 1967 నుంచీ పనిచేస్తున్న ప్రయోగశాల. ఇప్పుడున్న చోటికి 1992లో మారింది. వచ్చిన ప్రతి పర్యాటకుడికీ చూపించే చోటు కాదు. మా అమ్మాయి స్నేహితురాలు ఒకామె అక్కడ పరిశోధన చేస్తోంది. శీతాకాలంలో యంత్రాలు ఆపి మరమ్మతులు చేసుకునే రోజులు కావడంతో, ఆమె అనుమతి తీసుకుని లోపలికి తీసుకెళ్లింది. మెడలో రేడియేషన్‌ను కొలిచే బిళ్ల వేశారు. ‘‘ఇదేంటండీ, తాయెత్తా?’’ అంది మా ఆవిడ.

లోపలికెళ్తే మెరిసిపోయే గదులేమీ లేవు. పైన క్రేను, కింద నేలంతా గొట్టాలు, వైర్లు, అల్యూమినియం రేకు చుట్టిన పైపులు, అయస్కాంతాలు. మన ఆటోనగర్‌లో పెద్ద వర్క్‌షాపులాగే ఉంది. కానీ అందులో జరిగే పని వింటే ఒళ్లు జలదరిస్తుంది.

పక్కనున్న యాక్సిలరేటర్ నుంచి ప్రోటాన్లు దూసుకొచ్చి యురేనియం కార్బైడ్ లేదా థోరియం కార్బైడ్ లాంటి పదార్థాన్ని ఢీకొంటాయి. అక్కడ కేంద్రకాలు ముక్కలవుతాయి. ఆ ముక్కల్లోనే రేడియం, రేడాన్ లాంటి మూలకాల అరుదైన రకాలు పుడతాయి. ఆ పదార్థాన్ని దాదాపు 2000 డిగ్రీల దాకా వేడిచేస్తారు. లోపల పుట్టినవి ఆవిరిలా బయటికొస్తాయి. వాటికి విద్యుదావేశం ఇచ్చి, అయస్కాంతాలతో బరువును బట్టి వేరుచేస్తారు. వడ్లలోంచి తాలు చెరిగినట్టు, కావలసిన కేంద్రకాన్నే ఏరుకుంటారన్నమాట. వాడేసిన పదార్థం విపరీతమైన రేడియోధార్మికతతో ఉంటుంది కాబట్టి దాన్ని మనుషులు కాకుండా రోబోలు మారుస్తాయి.

ఇదంతా గబగబా జరగాలి. రేడియం-224 సగం తరిగిపోవడానికి మూడున్నర రోజులకు పైగా పడుతుంది కాబట్టి ఫరవాలేదు. రేడాన్-220 అయితే ఒక్క నిమిషంలోపే సగానికి సగం మాయం! పుట్టినచోటి నుంచి ప్రయోగం బల్ల దాకా దాన్ని ఆలోపే చేర్చాలి.

పుచ్చకాయ పరీక్ష

‘‘ఇంత కష్టపడి తెచ్చి దాన్నేం చేస్తారు?’’ అని అడిగింది మా ఆవిడ.

‘‘దాని ఆకారం చూస్తామండీ’’ అంది ఆ అమ్మాయి.

చూడటమంటే మాటలా? రేడియం కేంద్రకం ఎంత ఉంటుందంటే, మీటరును కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటిన్నర ముక్కంత. ఏ మైక్రోస్కోపూ దానికి పనికిరాదు. గట్టిగా గుద్దితే పగిలిపోతుంది లేదా రెండూ అతుక్కుపోతాయి. అప్పుడిక దాని అసలు రూపం తెలిసేదెలా?

అందుకని ముట్టుకోకుండానే తట్టి చూస్తారు. ఇదే కూలుంబ్ ఉత్తేజనం. పేరు చూసి భయపడక్కర్లేదు. రెండు ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ లెక్కగట్టి చెప్పిన నియమమే అది. కేంద్రకాలన్నీ ధనావేశంతో ఉంటాయి. రేడియం కేంద్రకాన్ని కాంతివేగంలో సుమారు 8 శాతం వేగంతో పల్చటి లోహపు రేకు మీదకు వదులుతారు. రేకులోని కేంద్రకానికి దగ్గరగా రాగానే రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుని తప్పుకుంటాయి. వేగాన్ని ఎంత జాగ్రత్తగా ఎంచుకుంటారంటే, లెక్కలోకి తీసుకునే వాటిలో ఒకదాని అంచు ఇంకోదానికి తగలదు. కానీ పక్కనుంచి దూసుకుపోతున్నప్పుడు ఆ విద్యుత్ బలం రెండో దాన్ని ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపుకి కేంద్రకం గిర్రున తిరుగుతుంది. లేదా కంపిస్తుంది. కాసేపటికి తన దగ్గర మిగిలిన శక్తిని గామా కిరణాలుగా వదిలేసి నెమ్మదిస్తుంది. ఆ కాసేపు అంటే సెకనులో కోటానుకోట్ల వంతు అనుకోండి!

ఆ మాట వినగానే మా ఆవిడ, ‘‘అంటే పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం చూడండి, అలాగా?’’ అంది.

పరిశోధకురాలు ఒక క్షణం ఆలోచించి, అవునంటే అవునని తలూపింది. పుచ్చకాయను కోయకుండా శబ్దం విని పండిందో లేదో చెబుతాం. ఇక్కడ శబ్దం బదులు గామా కిరణాలు. అంతే తేడా. ముప్పై ఏళ్లలో నాకు తట్టని పోలిక మా ఆవిడకు ముప్పై సెకన్లలో తట్టింది.

ఆ గామా కిరణాలను పట్టుకునే పరికరం పేరు మినీబాల్. మూడేసి చొప్పున ఎనిమిది గుత్తులుగా 24 జెర్మేనియం స్ఫటికాలు. వాటిని ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీలకు దగ్గరగా చల్లబరుస్తారు. కేంద్రకం పరుగెడుతూనే కిరణాన్ని వదులుతుంది కాబట్టి, ఎదురొచ్చే రైలు కూత మారినట్టు దాని శక్తి కూడా మారి కనిపిస్తుంది. దాన్ని సరిచేయాలంటే కేంద్రకం ఎటు వెళ్లిందో తెలియాలి. అందుకోసం మధ్యలో చిల్లుతో గుండ్రంగా ఒక సిలికాన్ పలక. అచ్చం పాటల సీడీలా ఉంటుంది. వాళ్లు కూడా దాన్ని ‘సీడీ’ అనే పిలుస్తారు.

కోడిగుడ్డు, సొరకాయ

ఇంతకీ గామా కిరణాల్ని చూసి ఆకారం ఎలా చెబుతారు? అసలు కిటుకు ఇక్కడే ఉంది.

నున్నటి గోళం తన చుట్టూ తాను తిరిగినా తిరిగినట్టు తెలియదు. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది కదా. అణువుల లోకంలో అయితే అలాంటి తిరుగుడు లెక్కలోకే రాదు. అదే కోడిగుడ్డులా సాగి ఉంటే తిరగడం తెలుస్తుంది. అలా తిరిగే కేంద్రకం శక్తిని నిచ్చెన మెట్లు దిగినట్టు ఒక్కో మెట్టే వదులుతుంది. కిందికొచ్చేకొద్దీ మెట్ల మధ్య ఎడం ఒక పద్ధతి ప్రకారం తగ్గుతుంది. తిరగకుండా వీణ తీగలా కంపించేదైతే మెట్లు దాదాపు సమాన దూరంలో ఉంటాయి. మెట్ల వరసను చూసి ఇది తిరుగుతోందా, కంపిస్తోందా అన్నది చెప్పేయొచ్చు. ఒక్కో మెట్టు నుంచి ఎన్ని కిరణాలు వచ్చాయో లెక్కపెడితే ఎంత సాగి ఉందన్నదీ తేలుతుంది.

ఈ విద్యకు మూలం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్. గుడ్డు ఆకారపు కేంద్రకాలు తిరుగుతాయి, కంపిస్తాయి అన్న సిద్ధాంతాన్ని నీల్స్ బోర్ కొడుకు ఆగె బోర్, బెన్ మోటెల్సన్ అక్కడే కట్టారు. 1953లో హూస్, జుపాన్చిచ్ అనే ఇద్దరు ఈ తట్టి చూసే పద్ధతితోనే అలాంటి తిరుగుడు స్థితులను చూపించారు. ఆగె బోర్, మోటెల్సన్‌లకు, వాళ్లకన్నా ముందే ఈ ఆలోచన చేసిన రెయిన్‌వాటర్‌కు కలిపి 1975లో నోబెల్ వచ్చింది. ఐసోల్డెలో వాడే, ముక్కల్ని వేడిచేసి ఏరే పద్ధతిని మొదట చేసి చూపించిందీ కోపెన్‌హేగన్‌లోనే, 1951లో. ఆ రెండు విద్యలూ ఈ షెడ్డులో కలిశాయి.

గుడ్డు దగ్గరే ఆగిపోలేదు. కొన్ని కేంద్రకాలు ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా, బేరిపండులా ఉంటాయని చాలాకాలంగా అనుమానం. మనకు తేలిగ్గా తెలియాలంటే సొరకాయ అనుకోండి. అయితే నిజంగా అలా స్థిరపడి ఉన్నాయా, లేక గుడ్డే ఒకసారి ఇటు ఒకసారి అటు ఉబ్బుతూ కంపిస్తోందా? బయటి నుంచి రెండూ ఒకేలా కనబడతాయి. తేడా చెప్పేది మళ్లీ ఆ మెట్లే. స్థిరమైన సొరకాయకు రెండు రకాల మెట్లూ కలిసిపోయి ఒకే నిచ్చెన అవుతుంది. కంపించేదైతే రెండో నిచ్చెన విడిగా, మూడు యూనిట్ల తేడాతో నడుస్తుంది.

2013లో ఇక్కడి నుంచే జవాబొచ్చింది. రేడియం-224 నిజంగానే సొరకాయ. రేడాన్-220 మాత్రం కంపిస్తోంది. ఆ తర్వాత యాక్సిలరేటర్‌ను మరింత శక్తిమంతం చేసి, కాంతివేగంలో 10 శాతం వేగంతో ఇంకా బరువైన రేడాన్‌లను తగరపు రేకు మీదకు పంపారు. రేడాన్-224, రేడాన్-226... రెండూ కంపించేవే, స్థిరమైన సొరకాయలు కావు అని 2019లో ప్రకటించారు.

మనకేంటట?

‘‘సొరకాయైతే ఏంటి, గుడ్డైతే ఏంటి?’’ అనిపించొచ్చు. నేనూ అదే అడిగాను.

సృష్టి మొదట్లో పదార్థం, దానికి అద్దంలో ప్రతిబింబం లాంటి వ్యతిరేక పదార్థం సమానంగా పుట్టి ఉండాలి. రెండూ కలిస్తే రెండూ మాయమైపోతాయి. అలా అన్నీ మాయమైపోతే నక్షత్రాలుండవు, భూమి ఉండదు, మనముండం. కానీ ఉన్నాం. అంటే ఎక్కడో ప్రకృతి పదార్థం వైపు కొంచెం మొగ్గు చూపింది. ఆ మొగ్గు ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదు.

ఆ మొగ్గు తాలూకు ఆనవాలు పరమాణువుల్లో చాలా సూక్ష్మంగా ఉండొచ్చునని శాస్త్రవేత్తల ఆశ. పరమాణువులో ఆవేశం ఒకవైపుకి రవ్వంత ఒరిగిందా అని వెతుకుతారు. మామూలు కేంద్రకంలో అది కనబడటం కష్టం. సొరకాయ ఆకారమైతే ఆ ఆనవాలు కొన్ని వందల రెట్లు పెద్దదై కనిపించే అవకాశం ఉంది. ఒక్కో ప్రయోగానికి ఏళ్ల తరబడి శ్రమ. తప్పు పరమాణువును ఎంచుకుంటే ఆ ఏళ్లన్నీ వృథా. రేడాన్ మీద చాలామంది ఆశలు పెట్టుకున్నారు. ఈ షెడ్డులోని గామా కిరణాలు ‘అటు వద్దు, రేడియం వైపు వెళ్లండి’ అని చెప్పాయి. అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల రేడియం-225తో తొలి కొలతను 2015లోనే ప్రకటించింది. రేడియం ఉన్న అణువులను లేజర్‌తో పరిశీలించే పనిని 2020లో ఐసోల్డెలోనే మొదటిసారి చేసి చూపించారు.

‘‘ఇక్కడ కాదు అన్న జవాబు కూడా జవాబే’’ అంది ఆ పరిశోధకురాలు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఇంకో సంగతి. ఈ తట్టి చూసే విద్య మనకు దూరపుదేమీ కాదు. ఢిల్లీలో జేఎన్‌యూ పక్కనే ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఉంది. కోటిన్నర ఓల్టుల పెల్లెట్రాన్ యంత్రం అక్కడ పనిచేస్తోంది. దానితో నికెల్ కేంద్రకాలను తగరం మీదకు పంపి, ఇదే పద్ధతిలో తగరం కంపనాలను కొలిచిన ఫలితాలు 2010లో వచ్చాయి. యూనివర్సిటీ విద్యార్థుల కోసమే పెట్టిన కేంద్రమది. ఫిజిక్స్ మీద ఇష్టమున్న పిల్లలు మన ఇళ్లలో ఉంటే ఈ పేరు ఒకసారి వాళ్ల చెవిన వేయండి.

బొమ్మ మార్చాను

బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. సెర్న్ క్యాంటీన్‌లో వేడివేడి కాఫీ తీసుకుని అద్దాల పక్కన కూర్చున్నాం. ఎండపొడలో మోంబ్లాంక్ లేత ఎరుపులో మెరుస్తోంది. పక్క బల్ల దగ్గర నలుగురు పిల్లలు కాగితం మీద ఏవో గీతలు గీస్తూ గట్టిగా వాదించుకుంటున్నారు. వాళ్లను చూస్తుంటే నా క్లాసు గుర్తొచ్చింది.

చేతిరుమాలు కాగితం తీసుకుని పెన్నుతో పరమాణువు బొమ్మ వేశాను. మధ్యలో చుక్కకు బదులు చిన్న సొరకాయ గీశాను. ‘‘ఏంటండీ అది?’’ అంది మా ఆవిడ. ‘‘ఒకబ్బాయికి బాకీ ఉన్న జవాబు’’ అన్నాను.

ఆ వెనక బెంచీ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. పేరు కూడా గుర్తులేదు. ఈ పేజీ చదువుతుంటే మాత్రం ఒక్క మాట. బాబూ, ఎవరూ చూడలేదు. తట్టి, విన్నారు. కొన్ని గుండ్రంగానే ఉన్నాయి, చాలా గుడ్డులా ఉన్నాయి, ఒకటీ అరా సొరకాయలా ఉన్నాయి. నిన్ను ఆరోజు కూర్చోమని ఉండాల్సింది కాదు.

వెళ్లాలనుకుంటే...

జెనీవా వెళ్లడానికి షెంగెన్ వీసా కావాలి. రైల్వేస్టేషన్ నుంచి 18వ నంబరు ట్రామ్ నేరుగా సెర్న్‌కు వెళ్తుంది. సందర్శకుల కేంద్రంలో ప్రవేశం ఉచితం. సోమవారం సెలవు. లోపలి ప్రయోగశాలలు చూపించే టూర్లకు సీట్లు పరిమితం కాబట్టి, బయల్దేరే ముందే సెర్న్ వెబ్‌సైట్‌లో వివరాలు చూసుకోవడం మంచిది. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. చలికాలమైతే చెవులు కప్పే టోపీ మరిచిపోవద్దు.